హిందీ కలవని తెలుగు

వీడియో కాల్‌లో కొడుకు నవ్వుతూనే ఉన్నాడు. అయినా దయావతి ఫోన్‌ను ఇంకా దగ్గరికి లాక్కుంది... యేసు కుమార్ నోట ఒక్క హిందీ ముక్క రావడం లేదు!

ఊరంతా హిందీ మాట్లాడే ప్రోతరాపూర్‌లో పుట్టి పెరిగినవాడు. "అమ్మా, ఖానా దే" అనడమే గానీ అన్నం పెట్టమని అడిగి ఎరగడు. "తిన్నగా తెలుగులో ఏడవరా" అని ఆమె ఎంత తిట్టినా మారనివాడు... ఇవాళ మాటలు తడుముకుంటూ, వెతుక్కుంటూ అచ్చ తెలుగు మాట్లాడుతున్నాడు! అతని వెనక ఎవడో కుర్చీలో కూర్చుని "జల్దీ బులా ఉస్‌కో" అని, ఎవరినో త్వరగా పిలిపించమని గదమాయిస్తున్నాడు.

"అమ్మా, నవ్వుతూ విను. వీడికి మన మాట తెలీదు. చెప్పిన చోటు ఇది కాదు, రాత్రికి రాత్రే ఏరు దాటించి తెచ్చినారు. ఎక్కడెక్కడో ఉన్నోళ్ళతో ఫోన్లో తియ్యగా మాట్లాడి, డబ్బు గుంజి ముంచమంటారు. ముంచకపోతే కొడతారు. పక్కింటి శ్రావణి వస్తే నన్ను వదిలేస్తారంట... పంపకమ్మా! దాన్ని ఆపు!"

అంతా చెప్పి, పెళ్ళికబురు చెప్పినవాడిలా పకపకా నవ్వాడు.

"నవ్వమ్మా... వాడు నిన్నే చూస్తున్నాడు," కెమెరాకి పక్కగా నిలబడ్డ కూతురు లవీనా గొణిగింది. దయావతి నవ్వింది. పురిటినొప్పులు కూడా ఆ తల్లిని అంత బాధ పెట్టలేదు!

ఫోన్ కట్టయింది.

కంప్యూటర్ చదివిన లవీనా ముందే చెప్పింది. "టూరిస్ట్ వీసా మీద నౌకరీ ఏంటమ్మా? బీచ్‌లో కూర్చుంటే జీతమిస్తారా? సర్కారు సైట్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్లు కనిపిస్తారు. చెన్నై రాజ్‌కిరణ్ పేరు అందులో లేనే లేదు!" "నీకు విశ్వాసం తక్కువే" అని కసిరింది దయావతి. కొడుకు విమానమెక్కిన ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది... దేవుడు నా బిడ్డకు బ్యాంకాక్‌లో ఉద్యోగం ఇచ్చాడని! ఆ సాక్ష్యం విని పక్కింటి అమ్ములు తన కూతురు శ్రావణి కోసం అదే రాజ్‌కిరణ్‌ను పట్టుకుంది. శ్రావణి ప్రయాణం ఇవాళే. సాగనంపే ప్రార్థన చేయాల్సింది దయావతే!

శ్రావణి వెళ్తే... కుమార్ వచ్చేస్తాడు.

ఆ ఆలోచన వచ్చినందుకే ఆమె తనను తాను తిట్టుకుంది. ముఖం కడుక్కుంది. బైబిల్ తీసుకుని గుమ్మం దిగింది.

అమ్ములు ఇంట్లో సూట్‌కేస్ గుమ్మం దగ్గరే ఉంది. టీ, వడలు సిద్ధం. అందరూ కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా... ఈ బిడ్డను..." దయావతి బైబిల్ మూసేసింది.

"కళ్ళు తెరవండి! మొన్న నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు... నా కొడుకు ఉద్యోగంలో లేడు, చెరలో ఉన్నాడు!"

అమ్ములు భగ్గుమంది. "ఏటి వదినా ఇది! నీ కొడుకెళ్తే దేవుడి దయ, నా కూతురెళ్తే మోసమా? ఓర్వలేనని సెప్పరాదా!"

"ఓర్వలేనే అమ్ములూ... నీ పిల్ల వెళ్తే నా పిల్లాణ్ణి వదిలేస్తారంట! అయినా వద్దని ఏడుస్తున్నాను... ఇంతకంటే ఏం చెప్పను!"

శ్రావణే మెల్లగా సూట్‌కేస్‌ను లోపలికి లాక్కుని, దయావతి వెంట వచ్చిన లవీనా వైపు తిరిగింది.

"దీదీ, రాజ్‌కిరణ్ భయ్యా ఫోన్ చేస్తే క్యా బోలూఁ?"

"చికెన్‌పాక్స్ వచ్చిందని చెప్పు," అంది లవీనా. "వాడికి డౌట్ వస్తే అక్కడ మా భయ్యా ఒళ్ళు హూనం చేస్తారు."

ఆ సాయంత్రమే లవీనా పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది, ఎంబసీకి మెయిల్ పెట్టింది. కుమార్ ఫోన్ మాత్రం మళ్ళీ రాలేదు. ఫోన్ మోగితే భయం... మోగకపోతే ఇంకా భయం! నోటికొచ్చినట్టు తిట్టిన అమ్ములే చాప తెచ్చుకుని దయావతి పక్కన పడుకునేది. "నా పిల్ల ఇంట్లో ఉంది వదినా... నీ పిల్లాడు వచ్చేదాకా నాకు నిద్దరెక్కడిది?"

వానలు మొదలైన ఒక ఉదయం తెలియని నంబరు మోగింది.

"అమ్మా! మై హూఁ! ఫౌజ్ ఆయా, మిలిటరీ వాళ్ళు! మా బిల్డింగ్ వాళ్ళని సబ్‌కో బయటికి నికాలా... అబ్ ఎంబసీ వాళ్ళ దగ్గర ఉన్నా. తూ టెన్షన్ మత్ లే!"

దయావతి గోడకు జారగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. లవీనా కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా? ఏమంటున్నాడు?"

"హిందీ కలిపేస్తున్నాడే... వాడి వెనక ఎవడూ లేడే!"

కన్నీళ్ళు తుడుచుకోకుండానే ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"మాట్లాడు నాన్నా... నీకెలా వస్తే అలాగే మాట్లాడు."

"అమ్మా... ఘర్ రాగానే ఖానా దే, హాఁ?"