గుమ్మానికి కట్టిన నిమ్మకాయ

1984 అక్టోబరు అయిదో తారీకు, శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. దసరా వెళ్ళిన మర్నాడు. దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే పక్కింటివాళ్ళు ఫోనొచ్చిందని కేకేశారు. వెళ్ళి అందుకున్నాను. మా వారు.

"కామేశ్వరీ, నిన్న పూజకి పంపిన కుంకుమ ఇంకా ఉందా?"

"భరిణె నిండా ఉందండీ."

"భరిణెతో సహా పట్టుకుని ఆఫీసుకి రా. నా ఉద్యోగం దాని మీద ఉంది."

ఆ మనిషి అంత కంగారుగా మాట్లాడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మా అత్తగారు వరహాలమ్మగారికి ఒక మాట చెప్పి, మా ఇలవేల్పు అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, సీతమ్మధార సెంటరులో రిక్షా ఎక్కాను.

మా వారు శ్రీరామ్మూర్తి పోర్టు దగ్గర ఒక ఖనిజం ఎగుమతి కంపెనీలో కంప్యూటరు ఆపరేటరు. ఆ గదికి కిటికీల్లేవు. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. పోర్టు ఎర్రదుమ్ము ఒక్క నలుసు లోపలికి పోకూడదట. బీరువా అడ్డంగా పడుకోబెట్టినట్టు ఒక యంత్రం, దాని పైన మూత, మూత కింద మూకుడులాంటి గుంట. ఆ గుంటలో ఇత్తడి పళ్ళేలు దొంతరగా పేర్చినట్టు డిస్కులు తిరుగుతాయి. కంపెనీ వివరాలన్నీ వాటి మీదే. దసరా నాడు అందరూ తమ తమ యంత్రాలకి పూజ చేసుకున్నట్టే వీళ్ళూ దీనికి బొట్టు పెట్టారు. వాచ్‌మన్ తవిటయ్య గుమ్మానికి నిమ్మకాయ కట్టాడు.

శుక్రవారం పొద్దున యంత్రం వేయగానే కీచుమని అరిచిందట. డిస్కులన్నీ గీసుకుపోయాయి. రాసి పెట్టినదంతా పోయింది. లోపల ఎర్రగా పొడి కనిపించింది. మేనేజరు మా వారిని అందరి ముందూ నిలబెట్టి, "నీ కుంకుమే దీన్ని చంపింది. రుజువైతే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడట.

నేను వెళ్ళేసరికి ఇంజనీరు శుభాకర్‌గారు మూత తీసి, పాడైన డిస్కుల దొంతర బయట పెట్టి, గుంటలోకి టార్చి వేసి చూస్తున్నారు. మెడలో సన్నటి గొలుసుకి శిలువ. నన్ను చూసి నవ్వారు.

"రండి చెల్లెమ్మా. ముద్దాయి వచ్చింది, సాక్ష్యం కూడా తెచ్చింది."

నాకు నవ్వు రాలేదు. భరిణె చేతికిచ్చాను. రెండు కాగితాల మీద రెండు పొడులూ వేశారు. కంటికి ఒకేలా ఉన్నాయి. మా వారి మొహం పాలిపోయింది.

"మా కుంకుమ పసుపులో సున్నం కలిపి చేసిందండీ" అన్నాను నెమ్మదిగా. "నిమ్మరసం పడితే మళ్ళీ పసుపు రంగుకి తిరుగుతుంది."

"బావుంది! ఓ నిమ్మకాయ చూడండి" అంటూనే ఆయన తలెత్తి గుమ్మం వైపు చూశారు. అడుగేసి, దారంతో సహా ఆ కాయని పుటుక్కున తెంపేశారు.

బయట కూర్చున్న తవిటయ్య గబాల్న లేచి లోపలికొచ్చాడు. వెనక తలుపు మూసుకుంది.

"ఆ కాయి ముట్టకండి బాబూ! బజారునించి ఇంకోటి తెత్తాను."

"మేనేజరు ఆరింటికి వస్తాడు. నువ్వు బజారుకెళ్ళొచ్చేలోపు ఈయన ఉద్యోగం పోతుంది. ఏం, ఇందులో రసం లేదా?"

"ఉంది బాబూ. అది రసానికి కట్టలేదు. లోపలున్నది గుమ్మం దాటకుండా కట్టినాను." తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఈ గది కట్టకముందు ఇక్కడ వర్కుషాపు ఉండీది. బెల్టు మిషను. ఏటా దసరాకి దానికి కోడిని కోసీవోళ్ళం. ఒక ఏడు పెద్ద దొర వొద్దన్నాడు. ఆ ఏడే మా సెల్లి మొగుడు అప్పలసూరిని బెల్టు లాగీసింది. లాగు బావా, లాగు బావా అని అరిసినాడు. నాను నడుం పట్టుకుని లాగినాను..."

"వచ్చాడా?" అన్నారు మా వారు.

"సగమే వచ్చినాడు."

శుభాకర్‌గారు కాయ కోసి, రెండు కాగితాల మీదా పిండారు. మా కుంకుమ చూస్తూండగానే పసుపుపచ్చగా తిరిగింది. యంత్రంలోని పొడి ఎరుపు ఎరుపుగానే ఉంది.

"నీ ఉద్యోగం నీదేనయ్యా!" అని ఆయన మా వారి వీపు చరిచారు. మా వారు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నేను భరిణె మూత వెయ్యడం కూడా మరిచిపోయి అప్పన్నని తలుచుకున్నాను.

"మరి ఇదేమిటి? పోర్టు దుమ్ము కూడా కాదే..." శుభాకర్‌గారు ఆ పొడిని వేలితో రాసి వాసన చూశారు. నవ్వు ఆగిపోయింది. "తడిగా ఉంది."

గుంటలో ఇంకా ఎంత ఉందో చూద్దామని చెయ్యి లోపలికి పెట్టారు. అప్పుడే కరెంటు పోయింది.

ఏసీ ఆగిపోయింది. ఆ హోరు ఆగాక గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని తెలీదు. చీకటి కళ్ళకి అంటుకున్నట్టుంది. టార్చి కింద పడి ఆరిపోయింది. ముందు ఇనుము వాసన... తర్వాత ఆదివారం మాంసం కొట్టు ముందు వచ్చే వాసన.

"శుభాకర్‌గారూ..."

"ష్... తిరుగుతోంది."

నిజమే. కరెంటు లేదు. అయినా యంత్రంలో ఏదో తిరగడం మొదలైంది. నెమ్మదిగా. ఇంకా గట్టిగా. తోలు బెల్టు చక్రం మీద పడుతున్నట్టు... టప్... టప్... టప్.

ఆయన అరిచారు. ఆ అరుపు ఎలా రాయాలో నాకు తెలీదు. ఎముక విరిగిన చప్పుడు విడిగా వినిపించింది. వెచ్చగా నా మొహం మీద చిందింది. మా వారు ఆయన నడుం పట్టుకున్నారు. తవిటయ్య భుజం పట్టుకున్నాడు. నేను చెయ్యి పట్టుకుందామని తడిమాను. గుంట జానెడు లోతు లేదు, నా కళ్ళతో చూశాను. చెయ్యి మోచేతి దాకా దిగిపోయి ఉంది. ఇంకా దిగుతోంది.

"దేవా... ప్రభువా..."

అప్పుడు గుంటలోంచి, మా అందరి చేతుల కిందనుంచి, సన్నగా ఒక గొంతు.

"లాగు బావా..."

నా పక్కన తవిటయ్య గుంట మీదకి వంగాడు.

"లాగు బావా... లాగు..."

"వత్తన్నానురా! లాగతన్నానురా సూరీ!" తవిటయ్య ఏడుస్తూ కాళ్ళు యంత్రానికి తన్నిపట్టి లాగాడు. మా వారూ లాగారు. నేనూ లాగాను. తడిగుడ్డ చింపినట్టు చప్పుడై, నలుగురం వెనక్కి పడ్డాం. ఎంత బరువు పడిందో నా ఒళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. శుభాకర్‌గారు బక్కపల్చటి మనిషి.

కరెంటు వచ్చింది.

ఆయనకి మణికట్టు కింద ఏమీ లేదు. చర్మం వేలాడుతోంది. నా కొంగు చింపి గట్టిగా కట్టాను. ప్రాణం ఉంది. గోడలు, నేల, మా బట్టలు, అంతా రక్తం. యంత్రం గుంటలోకి చూశాను. కడిగి తుడిచిన గిన్నెలా ఉంది. ఒక్క చుక్క లేదు. చెయ్యీ లేదు.

తవిటయ్య మాత్రం బార్లా తెరుచుకున్న తలుపు వైపే చూస్తున్నాడు.

"ఈసారి వచ్చీసినాడు తల్లీ" అన్నాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. స్నానాలు చేసి, అత్తగారికి ప్రమాదం జరిగిందని మాత్రం చెప్పి పడుకున్నాం. భరిణె ఎప్పుడు మూసి సంచిలో వేసుకున్నానో గుర్తులేదు.

శనివారం తెల్లవారి నేను లేచేసరికి అత్తగారు వీధి గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేశారు. భరిణె ఆవిడ చేతిలో ఉంది. ఆ బొట్ల రంగు మరీ ముదురుగా కనిపించింది. వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి గడప మీద పిండాను.

ఎరుపు ఎరుపుగానే ఉంది. పసుపు అవలేదు.

మా వారు అది చూసి వీధి తలుపు గడియ వేసి, అత్తగారి చెయ్యి పట్టుకుని పెరటి గుమ్మంలోంచి నడిపించారు. దేవుడి పటం ఒక్కటి తీసుకుని నేను వెనకే వచ్చాను. ఇల్లు ఖాళీ. తలుపు దగ్గరికి వేసి తాళం పెడుతుంటే అత్తగారు నా కొంగు పట్టుకుని లాగారు. ప్రమాదం అన్న మాట తప్ప ఆవిడకి మేం ఇంకేదీ చెప్పలేదు.

"అమ్మాయ్" అన్నారు గుసగుసగా. "లోపల ఎవరో బావా, బావా అని పిలుస్తన్నారు. ఎవర్నే వదిలేసి తాళం ఏస్తన్నావ్?"