కత్తిరించిన మాటలు

పొద్దున్నే మహిమ గదిలో కటింగ్ మిషన్ సన్నగా గుర్రుమంటోంది. టేబుల్ మీద ఓ మూలకు సరిపోయే చిన్న మిషన్ అది. ల్యాప్‌టాప్‌లో మహిమ గీసిన బొమ్మ ప్రకారం, జిగురు షీటు మీద అంటించిన మందపాటి కాగితాన్ని ముందుకీ వెనక్కీ లాక్కుంటూ లోపలి బ్లేడుతో కోసి ఇస్తుంది. ఇల్లందులో ఎవరికైనా పుట్టినరోజు కార్డులు కావాలన్నా, కేకు మీద గుచ్చే పేర్లు కావాలన్నా, పెళ్లి కార్డుల మీద అతికించే కాగితం పూలు కావాలన్నా సంసోను గారి అమ్మాయి దగ్గరికే వస్తారు. ఆ వారం దమ్మపేటలోని ఓ చిన్న బడికి అక్షరాల కార్డులు చేస్తోంది. అ అంటే అరటిపండు, ఇ అంటే ఇల్లు, కి అంటే కిటికీ.

ముందు గదిలో తల్లి సంపూర్ణ గొంతు వినిపిస్తోంది.

"ఏందయ్యా, జావ వేడిగున్నదా? ఊదాల్నా?"

జవాబుగా, "బా... బా..." అన్న శబ్దం.

"ఉప్పు తక్కువైందా? కాదా? మరి నీళ్లా? ఏంది, ఫ్యాను వెయ్యాల్నా?"

"బా! బా!"

గ్లాసు కింద పడిన చప్పుడైంది. మహిమ లేచి పరుగెత్తింది. తండ్రి సంసోను ఎడమ చెయ్యి ఇంకా గాల్లోకే చాచి ఉంది. నేలంతా రాగి జావ. సంపూర్ణ పాతగుడ్డ తెచ్చి తుడుస్తోంది.

బొగ్గు బావిలో షాట్ ఫైరర్‌గా పనిచేసి రిటైరైన మనిషి సంసోను. మందు పేల్చే ముందు ఆయన వేసే కేక విని అవతలి వరసలో ఉన్నవాళ్లు కూడా పక్కకు జరిగేవాళ్లని తోటి కార్మికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చర్చిలో మైకు లేకుండా పాట ఎత్తుకునేవాడు. పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకేసారి పడిపోయాయి. కాలు కొంత కోలుకుంది. కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తాడు. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది. తను చెప్పబోతే మాత్రం ఆ ఒక్క శబ్దమే వస్తుంది. మాట వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అని ఖమ్మం డాక్టరు చెప్పాడు. ఆ మాటల్లో సంపూర్ణ మొదటి సగమే విన్నది.

మహిమ చేతిలో అప్పుడే కోసిన కార్డులు అలాగే ఉన్నాయి. తండ్రి మొహం తుడవడానికని వాటిని మంచం మీద పెట్టింది. సంసోను వాటివైపు చూశాడు. ఎడమచేతి వేలితో ఒక్కో కార్డునూ జరిపి, ఒకదాని మీద ఆగాడు. గట్టిగా నొక్కాడు.

కిటికీ.

మహిమ తలెత్తి చూసింది. తూర్పు కిటికీలోంచి ఎండ సూటిగా ఆయన కళ్లలో పడుతోంది. లేచి కిటికీ రెక్క మూసింది. సంసోను పెద్దగా ఊపిరి వదిలి, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

"ఇంత చిన్నదానికా నాన్నా..." అంది మహిమ. ఇన్ని నెలలుగా ఇలాంటివి ఎన్ని అడిగి, ఎన్ని దొరక్క ఊరుకున్నాడో అనుకుంటూ కార్డులన్నీ ఏరుకుని మిషన్ దగ్గరికి వెళ్లింది.

బడి పని పక్కన పెట్టి ఆ రోజంతా ఆమె తండ్రి కోసమే కోసింది. నీళ్లు, టీ, స్నానం, ఫ్యాను, నొప్పి, నిద్ర, పేపరు, చర్చి. ఒక్కోదానికి ఒక బొమ్మ, కింద పెద్ద అక్షరాలు. విడిగా ‘అవును’ అని ఒకటి, ‘వద్దు’ అని ఒకటి. తడిసినా చిరగకుండా లామినేషన్ చేయించి, చిన్న డబ్బాలో పెట్టి మంచం పక్కన ఉంచింది.

సంపూర్ణ ఆ డబ్బాను చూసి మొహం తిప్పుకుంది.

"బడి పిల్లగాడా ఆయన? బొమ్మలు చూపిస్తవా?"

"ఆయన చెప్పేది మనకు తెలుస్తదమ్మా."

"ఇవి అలవాటైతే ఇగ నోరెందుకు తెరుస్తడే? దేవుడు మాట ఇస్తనంటుంటే నువ్వు కాగితాలు చేతిల పెడుతున్నవ్."

"కార్డులు పెడితే మాట ఆగదని డాక్టరే చెప్పిండు."

"డాక్టర్లు చాన చెప్తరు," అని సంపూర్ణ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో కాస్త నెమ్మది కనిపించింది. సంసోను టీ అడిగాడు, పేపరు అడిగాడు, భుజం నొప్పని చెప్పి మహిమతో నూనె రాయించుకున్నాడు. సంపూర్ణ మాత్రం కార్డులవైపు చూడకుండా, ఎప్పటిలాగే ప్రశ్న తనే వేసి జవాబు తనే చెప్పుకునేది. చుట్టాలొస్తే, "చాన నయం అక్కా, మీరొచ్చినందుకు సంతోషపడుతుండు చూడున్రి," అనేది. ఆయన తల అటు తిప్పుకున్నా ఆమె మాట ఆపేది కాదు.

ఆదివారం పొద్దున సంపూర్ణ స్నానం చేయించి, తెల్లచొక్కా తొడిగి, తల దువ్వుతుంటే సంసోను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డబ్బా ఒళ్లోకి లాక్కుని రెండు కార్డులు తీశాడు. పక్కపక్కన పెట్టాడు.

చర్చి. వద్దు.

సంపూర్ణ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"మహిమా! ఇటు రావే. ఏంది ఇది?"

మహిమ వచ్చి చూసింది. తండ్రి మళ్లీ వేలితో ఆ రెండింటినీ తట్టాడు, ముందు ఒకటి, తర్వాత ఒకటి.

"నాన్న చర్చికి రానంటుండు," అంది నెమ్మదిగా.

"ఆయనంటుండా, నువ్వంటున్నవా? ఇది ఆయన మాట కాదే. నీ మాట. నువ్వు కోసిచ్చిన మాట."

"కోసింది నేనే అమ్మా. ఏరుకున్నది నాన్న."

"ఇన్నేండ్లు ముందు నిలబడి పాట పాడిన మనిషి చర్చి వద్దంటడా?"

"అందుకే వద్దంటుండేమో! గా జాగాలనే నిలబడి అందరి ముందట ‘బా బా’ అనాలంటే ఎట్లుంటదమ్మా? ప్రతి ఆదివారం అందరు చుట్టు చేరి నెత్తి మీద చెయ్యి పెట్టి మాట్లాడు, మాట్లాడు అంటరు. నాన్న ఏడుస్తడు. దేవుడు ముట్టిండని నువ్వు మురుస్తవ్. గా ఏడుపు ఎందుకో ఒక్కసారన్న అడిగినవా?"

"అడుగుడేంది? నా మొగుడి మనసు నాకు తెల్వదా?" సంపూర్ణ దువ్వెన మంచం మీదికి విసిరేసింది. "ఇయ్యాల చర్చిల అయ్యగారు ప్రత్యేకంగ ప్రార్థన పెట్టిండు. నేనే అడిగిన. మూడు పూటలు ఉపవాసం ఉన్న. ఇయ్యాల పోకపోతే..."

డబ్బా చేతిలోకి తీసుకుని విసవిసా వాకిట్లోకి నడిచింది. అక్కడ స్నానాల నీళ్ల కోసం వెలిగించిన బొగ్గు పొయ్యి ఇంకా ఎర్రగా ఉంది. మహిమ వెనకాలే వెళ్లేలోపు డబ్బా బోర్లించేసింది. లామినేషన్ ముడుచుకుపోతూ, బుడగలొస్తూ, ఘాటైన వాసనతో నల్లబడింది.

గుమ్మంలోంచి సంసోనుకు అదంతా కనిపిస్తోంది.

చర్చి నిండుగా ఉంది. తల్లి ఒక్కతే తీసుకెళ్తే ఆయన పడతాడన్న భయంతో మహిమ ఒక పక్క, సంపూర్ణ ఒక పక్క పట్టుకుని ఆయనను ముందుకు తీసుకెళ్లారు. పాస్టరు గారు మంచి మనిషి. సంసోను పాటలు వింటూ పెరిగి పాస్టరైనవాడు. "అంకుల్, ఒక్క మాట. యేసయ్యా అనండి చాలు," అన్నాడు నిజమైన ఆశతో. అందరూ చేతులెత్తారు. సంపూర్ణ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది.

సంసోను నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఒకప్పుడు రేకుల కప్పు దాకా మోగిన ఆ గొంతులోంచి ఆ శబ్దమే, మరింత గట్టిగా, మరింత వికారంగా వచ్చింది. ముందు వరసలో చాప మీద కూర్చున్న చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు. ఎవరో తల్లి గదమాయించింది. ఆయన మళ్లీ ప్రయత్నించాడు. ఆ ప్రయత్నంలో ఆయన ప్యాంటు తడిసి, నీళ్లు కాళ్ల వెంట కారి సిమెంటు నేల మీద పరుచుకున్నాయి.

పాస్టరు గారు బల్ల మీద పరిచిన గుడ్డ లాగి ఆయన నడుముకు చుట్టాడు. పాట అందుకోమని ఆడవాళ్లకు సైగ చేశాడు. పాట మధ్యలోనే ముగ్గురూ బయటికొచ్చి ఆటో ఎక్కారు. దారంతా సంసోను ఎవరి మొహమూ చూడలేదు.

ఆ పూట నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముద్ద పెడితే పళ్లు బిగించాడు. జావ పెదవుల చివర నుంచి దిండు మీదికి కారిపోయింది. మర్నాడూ అంతే.

"పొరపాటైంది, తినయ్యా," అని బతిమాలింది సంపూర్ణ. "నీ మంచికే కదా చేసిన. కడుపుల నొప్పి ఉన్నదా? తల తిరుగుతున్నదా? డాక్టరు దగ్గరికి పోదామా? నా మీద అలిగినవా? ఏదో ఒకటి చెప్పు..."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

‘చెప్పు’ అన్న మాట తన నోట్లోంచి వచ్చాక సంపూర్ణ ఉలిక్కిపడింది. దేంతో చెబుతాడు? చెప్పడానికి ఆయనకున్న దాన్ని తన చేతులతోనే నిప్పుల్లో పోసింది. ఇక ఆయనకు మిగిలింది కళ్లు మూసుకోవడం ఒక్కటే. గిన్నె పక్కన పెట్టి ఆయన మీది దుప్పటి సర్దబోయింది. చొక్కా కింద వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఎప్పుడు ఇంత చిక్కాడో ఆమె గమనించలేదు.

మహిమ గదిలోకి ఆమె ఎప్పుడూ పని ఉంటే తప్ప రాదు. ఆ మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మళ్ల చేస్తవా బిడ్డా?"

మహిమ పని ఆపి, పక్కనున్న స్టూలు ఇటు జరిపింది. "చేస్తున్ననే అమ్మా. సగం అయినయి," అంది.

సంపూర్ణ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. కోసిన కార్డుల్ని ఒక్కోటి తిప్పి చూసింది. నీళ్లు, టీ, నొప్పి, నిద్ర.

"ఇందుల కోపం అని ఉన్నదా?"

"ఏంది?"

"కోపం. అన్నీ ఆయనకేం కావాల్నో అవే పెట్టినవ్. మన మీద ఏమున్నదో చెప్పాలంటే ఏది చూపిస్తడు?"

తండ్రికి దాహమవుతుందని, నొప్పి పుడుతుందని తట్టింది కానీ, కోపం రావచ్చని మహిమకూ తట్టలేదు. తనూ ఆయన్ని రోగిలాగే చూసింది.

"పెడతనమ్మా," అంది.

ల్యాప్‌టాప్‌లో ఒక మొహం గీసింది. సంపూర్ణ వంగి చూసింది.

"కనుబొమ్మలు ఇంక దగ్గరికి రావాలె. ఆయనకు కోపమొస్తే నడుమ మడత పడుతది. కింది పెదవి గిట్ల లోపలికి పోతది."

చెప్తూ తనే చేసి చూపించింది. మహిమకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మిషన్ ఎర్రకాగితాన్ని లోపలికి లాక్కుంది. కోయడం అయ్యాక, అక్షరాల లోపల మిగిలిన ముక్కల్ని సూదితో పైకి లేపి తీసేయాలి. "ఇటియ్యి," అని సంపూర్ణ సూది అందుకుంది. నిండు సున్నాలోంచి చిట్టి ముక్కను ఊపిరి బిగబట్టి లేపింది.

లామినేషన్ దాకా ఆగలేదు. ఆ కార్డు తీసుకెళ్లి మంచం మీద, ఆయన మొహానికి ఎదురుగా, గోడకు ఆనించి పెట్టింది. మిగతావి పక్కన పేర్చింది. తను మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుంది.

"నేను అడుగుత. నువ్వు చూపియ్యి. ఏది చూపిచ్చినా వింట."

ఆయన ఎడమచెయ్యి కదిలింది. వేలు నేరుగా ఎర్రకార్డు మీద పడింది.

"నా మీదనేనా?"

వేలు మళ్లీ తట్టింది.

"చర్చిల నిలబెట్టినందుకా?"

తట్టింది.

"కార్డులు కాలవెట్టిన."

ఈసారి ఇంకా గట్టిగా. సంపూర్ణ కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "అవ్. నీకు కోపం రావాలె. ఇంకా? ఇంకా ఉన్నదా?"

ఆయన కష్టపడి ఇటు తిరిగాడు. కార్డును వేళ్ల మధ్య పట్టుకుని ఎత్తి, తన నోటి మీద పెట్టుకున్నాడు. అలా పెట్టుకునే, చిన్నపిల్లాడిలా భుజాలు కదిలేలా ఏడ్చాడు.

అప్పటికి అర్థమైంది సంపూర్ణకు. భార్య మీద కంటే, కూతురు మీద కంటే, దేవుడి మీద కంటే ఆయన కోపమంతా తన నోటి మీదే. దాన్ని పట్టుకుని పొద్దస్తమానం ఒంటరిగా కొట్లాడుతున్నాడు. తను పక్కన నిలబడి, ఇంకా కొట్లాడు, ఇంకా కొట్లాడు అంటూ వచ్చింది.

ఆ కార్డును మెల్లగా తీసి ఆయన చేతిని తన చెంపకు ఆనించుకుంది.

"మాట రాకపోతే రాకపోనియ్," అంది. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "రాదేమో. నాకు భయమై, వస్తదని అందరికి చెప్పుకుంట తిరిగిన. ఇగ చెప్ప."

గుమ్మంలో నిలబడ్డ మహిమ వెనక్కి తిరిగి, గోడకు తల ఆనించుకుంది. కాసేపటికి వంటింట్లోకి వెళ్లి జావ వేడిచేసి తెచ్చింది. సంసోను సగం గ్లాసు తాగాడు.

తర్వాతి ఆదివారం సంపూర్ణ ఒక్కతే చర్చికి వెళ్లింది. "అన్నకు మాట వచ్చిందా?" అని చాప మీద పక్కకు జరుగుతూ అడిగింది, చర్చిలో ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునే ఆదెమ్మ. "రాలే అక్కా," అంది సంపూర్ణ. ఆరాధన అయ్యాక పాస్టరు గారు తనే దగ్గరికొచ్చాడు. పోయిన వారం సంగతి ఆయన మొహంలో ఇంకా ఉంది.

"అంకుల్ కోసం ప్రార్థన చేద్దామా ఆంటీ? ఏమని చేయమంటరు?"

సంపూర్ణ కొంగు తలమీద సర్దుకుంది.

"ఆయనకు మాట రావాలని వద్దు అయ్యగారూ. ఆయన చెప్పేది నాకు అర్థమయ్యే తెలివి ఇయ్యమని అడుగున్రి."

పాస్టరు కళ్లు మూసుకున్నాడు. సంపూర్ణ మాత్రం మూసుకోలేదు. చుట్టూ అందరూ చూస్తుండగానే మోకాళ్ల మీద కూలబడి, పక్షవాతం వచ్చిన రోజు నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆదెమ్మ దగ్గరికి జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.