డెక్కు మీద మరకలు

పొద్దున్నే రెండో టీ అడక్కుండా ఆయన చెప్పులేసుకున్నాడంటే కొంపలంటుకునే పనేదో ఉన్నట్టే లెక్క. "వార్నిష్ డబ్బా అడుగంటింది, కొనుక్కొస్తా. నేనొచ్చేదాకా బల్ల దగ్గరికి ఎవరూ పోవద్దు" అని గుమ్మంలోంచే హెచ్చరించి వెళ్లాడు. ఇంట్లో ఉండేదే ఇద్దరు. ఒకరు బయటికి పోతుంటే ఆ 'ఎవరూ' ఎవరో వేరే చెప్పాలా అని ఇల్లాలు నవ్వుకుంది.

వీధిలో అందరూ ఆయన్ని ఓడాయన అంటారు. విమానాలు ఎగిరి దిగే పెద్ద యుద్ధనౌక మీద ఇరవై రెండేళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. నిరుడు ఆ ఓడని ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేశారు. ఆ వార్త చదివిన రోజు ఆయన భోజనం ముట్టలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే భోజనాల బల్ల కాస్తా ఓడరేవైపోయింది. ఎనిమిది నెలలుగా మొగుడూ పెళ్లాలిద్దరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. బల్ల మీద మూరన్నర పొడవున అదే ఓడ బొమ్మ తయారవుతోంది. రేపు పదింటికి ఆయనతో పనిచేసిన ఐదుగురు దాన్ని చూడడానికి వస్తున్నారు. పెద్ద ఓడ ఎటూ లేదు కనుక ఆ ముసలివాళ్లకి ఇక మిగిలింది ఈ బొమ్మే.

ఊడుస్తూ ఊడుస్తూ ఆమె బల్ల దగ్గర ఆగిపోయింది. నాలుగు రోజుల క్రితం బూడిదరంగు డెక్కు, దాని మీద తెల్ల గీతలూ పసుపు గీతలూ ఎంతో ముచ్చటగా ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద నల్ల చారలు, ఎర్రటి మచ్చలు, అక్కడక్కడా నూనె కారినట్టు మరకలు. ఈ మధ్య ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆయన దాస్తున్నాడు గానీ టీ కప్పు దాస్తుందా? వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్న ఓడంతా పాడుచేసుకున్నారే. చెయ్యి వణికినట్టుంది."

"నాన్ననే అడక్కపోయావా?"

"అడిగితే చిన్నబుచ్చుకుంటారు. రేపు అంతమంది ముందు పరువు పోదూ?"

"అమ్మా, నువ్వు మాత్రం దాని జోలికి..."

అమ్మ అప్పటికే ఫోన్ పెట్టేసింది. మెత్తటి పాత గుడ్డ గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి, గట్టిగా పిండి, పసిపిల్ల ఒళ్లు తుడిచినట్టు తుడిచింది. ఆ ఓడని ఆమె జన్మలో ఒక్కసారే చూసింది, సిబ్బంది కుటుంబాలని లోపలికి రానిచ్చిన రోజున. ఆ రోజు డెక్కు కడిగిన కంచంలా మెరిసింది. ఇప్పుడు బొమ్మ కూడా అలాగే మెరుస్తోంది.

తిరిగొచ్చిన ఆయన బల్ల ముందు బిగుసుకుపోయాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ. అద్దంలా ఉంది చూడండి."

"అద్దంలా ఉండడానికి అదేమన్నా డ్రెస్సింగ్ టేబులా?"

"మీ చెయ్యి వణికి పడ్డాయేమో అనుకున్నాను..."

"వణికా! ఒక్కో రకం మరకకీ ఒక్కో పూట పట్టిందే! రంగు పొడి చేసి, దూదితో అద్ది, ఊది... అవి విమానాల టైర్లు రాసుకున్న చారలు. అది ఇంజన్ నూనె. అది తుప్పు. వార్నిష్ కొడితే ఇక చెరగవని పొద్దున్నే కొట్టుకి పరిగెత్తాను. మరకల్లేని డెక్కు ఎక్కడైనా ఉంటుందా?"

"నేను చూశానుగా. మమ్మల్ని తీసుకెళ్లిన రోజు తళతళలాడింది."

"మీరొస్తున్నారని మూడు రోజులు కడిగి చచ్చాం! ఒక్క పూట చూసొచ్చి, ఓడ గురించి నీకేం తెలుసని?"

మేలు చెయ్యబోతే కీడెదురైందని ఆమె అంతవరకూ తలొంచుకునే ఉంది. ఆ ఆఖరి మాట మాత్రం ఎక్కడో తగిలింది. ఆయన సముద్రం మీదుండగా పిల్లని కన్నది. మామగారి ఆఖరి రోజులు ఒంటరిగా ఈదుకొచ్చింది. ఏ రోజూ గొంతు పెంచని మనిషి ఇప్పుడు పెంచింది.

"నాకేం తెలుసా? మీ ఓడ మురికంతా ఎక్కడ కలిసిందనుకున్నారు, సముద్రంలోనా? నా బకెట్లో! సెలవుకొచ్చినప్పుడల్లా సంచీడు బట్టలు. ఎడం మోకాలికి ఎప్పుడూ తుప్పే. కుడి మోకాలికి ఒక్క మరకుండేది కాదు. కుడి మోచేతికి నల్ల గ్రీజు. వీపు మీద పసుపు రంగు. ఇవన్నీ నాకు ఎవరొచ్చి చెప్పారు?"

ఆయన వంగి తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "ఎడం మోకాలా?"

"ఎడమే. రుద్ది రుద్ది గుడ్డ చిరిగేది."

ఆయన మెల్లగా ఎడం మోకాలి మీద నేలకి వంగి కుడిచెయ్యి ముందుకి చాపాడు. "దిగే విమానాన్ని పట్టి ఆపడానికి డెక్కు మీద నాలుగు ఇనపతాళ్లుండేవి. మూడోదాని బాధ్యత నాది. రోజూ ఇలాగే కూర్చుని చూసేవాణ్ణి. నా మోకాలి తుప్పు అక్కడిదే. తుప్పంతా దాని దగ్గరే ఉండాలి. మతిలేక నాలుగింటికీ సమానంగా పూశాను."

"మరి వీపు మీద పసుపు?"

"కొత్తగా వేసిన గీత ఆరకుండానే, విమానం రెక్క నీడలో ఓ కునుకు తీసేవాణ్ణి."

"ఆ సంగతి మీ ఆఫీసరుకి తెలుసా?"

"తెలిస్తే సముద్రంలోకి తోసేవాడు" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ పగలంతా వంట మాట ఎత్తలేదు. ఆమె మరక ఎలా ఉండేదో చెబితే ఆయన రంగు కలిపాడు. కొంతసేపటికి కుంచె పక్కన పెట్టి, "వణుకుతోంది, నిజమే" అని ఒప్పుకున్నాడు. ఆమె ఆయన మణికట్టు కింద తన చెయ్యి ఆన్చింది. మూడో తాడు పక్కన తుప్పు పడాల్సిన చోట పడింది.

"ఒకటి అడుగుతాను చెప్పు" అన్నాడు ఆయన. "సెలవైపోయి ఓడెక్కి చూసుకుంటే ప్రతిసారీ ఒక చొక్కా తగ్గేది. స్టోరు గుమాస్తా నన్ను తిట్టని తిట్టు లేదు. ఏమయ్యేదది?"

ఆమె తలెత్తలేదు. "ఒకటి ఉతక్కుండా దాచుకునేదాన్ని. మీ వాసనా నూనె వాసనా కలిసుండేవి. వస్తున్నానని మీ ఉత్తరం అందాకే ఉతికేదాన్ని."

"ఒకసారి అయిదు నెలలు ఉత్తరం రాయలేకపోయాను."

"ఆ అయిదు నెలలూ తలగడ కిందే ఉంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నా ఏమీ కనపడలేదు.

"రేపు వాళ్లొచ్చినప్పుడు వంటింట్లోకి పోకు. నా పక్కన కూర్చో."

"ఓడవాళ్ల మధ్య నేనెందుకండీ?"

"నువ్వూ ఓడదానివే. మాకైనా సెలవులుండేవి, నీకు అవీ లేవు."

ఇరవై రెండేళ్లు ఒక్క కన్నీటిబొట్టు కూడా ఎవరికీ కనపడనివ్వని మనిషి, రంగు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.