వేపకొమ్మల్లో వైరు

“ఈ వైరు కోసినోళ్ళు ఎవరో తేలేదాకా నేను ఈడ్నుంచి కదిలేది లేదు!”

కేబుల్ ఆపరేటర్ ఓబులేసు తెగిన నల్ల వైరు రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని యశోద దుకాణం ముందు నిలబడ్డాడు. వీధి మొత్తం అతని వెనకే వచ్చి చేరింది. సీరియల్ మధ్యలో టీవీలు ఆగిపోయిన ఆడవాళ్ళ కోపం అంతా ఇంతా కాదు! దుకాణం పక్కన వేపచెట్టు కింద అప్పుడే కొట్టిన పచ్చి మండలు గుట్టగా పడి ఉన్నాయి. మేకలు మాత్రం ఈ గొడవ తమది కానట్టు తలలు వంచుకుని కరకర నములుతున్నాయి.

“గాలికి తెగితే పీచు పీచుగా ఉంటాది. ఇది చూడండి... కొడవలి దెబ్బ! మేకలకు మండలు కొడతా కొడతా నా వైరును గూడా కొట్టేసినారు!”

యశోద చప్పున వెనక్కి తిరిగి చూసింది. మామ అంకన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొమ్మలు కోయడానికి కొసన కొడవలి కట్టిన పొడవాటి దోటికర్ర ఆయన పక్కనే గోడకు ఆనించి ఉంది. ఆయన చూపు వైరు మీద లేదు. ఓబులేసు గొంతు వినవచ్చే వైపు, గాలిలోకి ఉంది. అప్పుడు తట్టింది యశోదకు! ఈ మధ్య గ్లాసు అందిస్తే మామ చెయ్యి పక్కకు పోతోంది... మేకపిల్లల్ని చూసి కాదు, అరుపు విని పేరు పెట్టి పిలుస్తున్నాడు... అయ్యో, మామకు చూపు ఆనడం లేదు! ఆకుల మధ్య ఆ నల్లటి వైరు ఆయనకు మరో కొమ్మలా తోచి ఉంటుంది!

ఆ వీధిలో ఇంటింటి మేకలూ కలిపి ఒకటే మంద. రోజుకో ఇల్లు వంతు వేసుకుని మేపుతారు. వంతు ఎవరిదైనా మందకు పెద్ద అంకన్నే. ఏ వైపు తోలాలి, ఏ మేక ఈనడానికి దగ్గరపడింది, దేన్ని సంతకు పంపాలి... అన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. ఆయనకు కళ్ళు కనపడవని తెలిస్తే సాయంత్రానికల్లా ఎవరి మేకల్ని వాళ్ళు విప్పుకుని పోతారు. ఆ తర్వాత ఆయన బతుకు మంచానికీ గోడకీ మధ్యే!

దుకాణం నడిపే మనిషి యశోద. ఏ సరుకు ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఏ నష్టం ఎవరు తట్టుకోగలరో ఇట్టే తేల్చగలదు. తిట్లు తన మీద పడితే నాలుగు రోజుల్లో పాతబడిపోతాయి. మామ మీద పడితే జన్మంతా కూడబెట్టుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. ఇక ఆలోచించడానికి ఏముంది?

“నేనే కోసినాను” అంది.

“అమ్మా యశోదా... అది...” అంటూ అంకన్న లేవబోయాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. “నువ్వుండు మామా!”

“దుకాణంలో కూర్చునేదానికి దోటి ఎందుకే?” పక్కింటి పోలమ్మ గయ్యిమంది. “పప్పులు తూచినంత సులువనుకుంటివా మండలు కొట్టేది?”

“ఈ వీధికి ఇంక లైను లేదు. అంతే!” ఓబులేసు వైరు కొసల్ని విసురుగా కింద పడేసి బండెక్కాడు.

అప్పుడు చూసింది యశోద... గుమ్మంలో కూతురు కావ్య! కంపెనీ పంపిన ల్యాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని, బొమ్మలా నిలబడి ఉంది. లెక్క అంతా సరిగానే వేసిన యశోద, కూతుర్ని మాత్రం అందులో కలుపుకోవడం మరిచిపోయింది!

మార్కాపురంలో డిగ్రీ చదివిన కావ్యకు ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. ఆసుపత్రుల బిల్లులు కంప్యూటర్‌లో సరిచూసే పని. సోమవారం చేరాలి. కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే, ఇంటికి వైరు లైను ఉండాలి. ఫోన్ నెట్టు ఒప్పుకోరు. ఆ లైను కోసం తల్లీకూతుళ్ళు తిరగని చోటు లేదు. ఒక కంపెనీ ఏడాది డబ్బు ముందే కట్టమంది. ఇంకొకళ్ళు మీ ఊరిదాకా వైరు లాగడం మాకు గిట్టుబాటు కాదన్నారు. రోజూ మార్కాపురం పోయి నెట్ సెంటర్‌లో కూర్చుంటే వచ్చే జీతం బస్సుకూ గంటల కిరాయికే సరిపోతుంది. చివరికి ఓబులేసు ఒక్కడే తన టీవీ వైరు మీదే నెలనెలా కట్టుకునే చవక నెట్టు లైను ఇస్తానన్నాడు. ఆ వైరే ఇప్పుడు మట్టిలో పడి ఉంది!

“నువ్వా అమ్మా? నిజంగా నువ్వేనా?” కావ్య గుమ్మం దిగి వచ్చింది. “సోమవారం లైను లేకుంటే నా పని ఇంకొకరికి ఇచ్చేస్తారు! నీకు తెలీదా? నువ్వే గదా నాతో ఊరూరా తిరిగినావు...”

పలకల ఫ్యాక్టరీ నుంచి ఒంటినిండా దుమ్ముతో వచ్చిన భర్త ఏడుకొండలు సంగతి విని మండిపడ్డాడు. “దుకాణంలో అగ్గిపెట్టె తగ్గితే నిద్రపోవే! కన్నకూతురి బతుకు మీద కత్తి ఎట్ల ఏసినావు?”

యశోద గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టసాగింది. కళ్ళు మాత్రం ఆమె మాట వినలేదు, ధారగా కారాయి... గోడవైపు తిరిగి కొంగుతో తుడుచుకుంది. ఏడ్చి ఏం లాభం? తెగింది అతకాలి. అతికేవాడి షాపు కొనకనమిట్లలో ఉంది. తెల్లవారగానే మొదటి బస్సెక్కింది.

ఆమెను చూడగానే ఓబులేసు చేతులు జోడించాడు. “అక్కా, దండం పెడతా! మీ మేకలకు నెట్టు మేపే ఓపిక నాకు లేదు!”

యశోద నవ్వింది. బేరానికి వెళ్ళినప్పుడు ముందుగా కోపగించుకోకూడదని ఆమెకు తెలుసు. షాపు మూలన తెగిన వైర్లు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. “ఇవన్నీ గూడా నేనే కోసినానా తమ్ముడూ?”

“ఇవి ఆషాఢం గాలికి పోయినవి. కొమ్మలు ఊగి ఊగి వైరు మీద పడతాయి. ఏటా ఇదే గోస! కొట్టిద్దామంటే కూలికి మనుషులే దొరకరు.”

“కూలి ఎందుకు? నీ వైరు పొడుగునా ఉన్న కొమ్మలు ఆషాఢానికి ముందే మేం కొట్టుకుంటాం. ఎండాకాలం మా మందకు మేత, నీకు తెగని వైరు! మా దగ్గర నువ్వు కొమ్మ ఖరీదు అడగొద్దు, నీ దగ్గర మేం కూలి అడగం. తెగిన వైరు అతికి, బిగింపు ఖర్చు లేకుండా లైను ఇయ్యి. నెలనెలా కట్టేది మూడిళ్ళు కలిసి కడతాం.”

“ఒక్క లైను మూడిళ్ళకా?”

“గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళే గదా! మేకలు వంతున మేపినట్టే ఇదీ. ఈ నెల కట్టే వంతు మాది, పై నెల పోలమ్మత్తది. ఒక్క ఇంటికి బరువైతే నాలుగో నెలకే మానేస్తారు. మూడిళ్ళ మీద పడితే ఎవరూ మానరు. నీకు ఏది మేలో నువ్వే చెప్పు!”

ఓబులేసు ఆమెను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. “అక్కా, ఆ కుర్చీలో నువ్వు కూర్చో, నేను పోయి మేకలు మేపుకుంటా! సరే, ఒప్పుకున్నా. కానీ ఒక్క షరతు. నువ్వు మాత్రం దోటి ముట్టకూడదు! మీ మామ కొట్టాల. ఆయన చెయ్యి పడితే కొమ్మ మళ్ళీ చిగురేస్తాదని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు.”

యశోద ముఖం పాలిపోయింది! ఏ కళ్ళను దాచడానికి నింద మోసిందో, ఆ కళ్ళనే ఇప్పుడు చెల్లించమంటున్నాడు... అవునంటే మామ మళ్ళీ వైరు కోస్తాడు. కాదంటే ఎందుకో చెప్పాలి. “ఇంట్లో అడిగి చెప్తా” అని బయటపడింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఎటు కూడినా నష్టమే వస్తోంది.

తీరా ఆమె బస్సు దిగేసరికి ఓబులేసు బండి అప్పటికే దుకాణం ముందు ఉంది! బేరం ఖాయం చేసుకుందామని సంతోషంగా వచ్చేశాడు. వీధి జనం మధ్యలో అంకన్న లేచి నిలబడి ఉన్నాడు.

“మామా! ఆగు మామా!” అంటూ పరుగున వచ్చింది యశోద.

“నువ్వు ఆగమ్మా... నిన్న నా భుజం నొక్కినావు, ఊరుకున్నా. రాత్రంతా ఆ చెయ్యి బరువు దిగలే” అన్నాడు ఆయన. ఓబులేసు గొంతు వినబడ్డ వైపు తిరిగాడు. “ఓబులేసూ, వైరు కోసింది నేను! నా కండ్లకు పొర కమ్మింది. నా మొగం చెడకూడదని నా కోడలు ఆ మసి తన మొగానికి పూసుకుంది. కన్నబిడ్డ ఛీ అంటున్నా నోరు తెరవలే... నాకు చూపు లేదు గానీ, కోడలు ఏడుస్తా ఉంటే వినేదానికి చెవులు ఉండాయి గదా! ఇంక మీ మేకలు మీరు విప్పుకుని పోండి.”

కావ్య ఒక్క పరుగున వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. “అమ్మా... నిన్ను ఎంత మాటన్నానమ్మా! నాకైనా చెప్పకపోతివే!”

“చెప్పుంటే నువ్వు మీ తాతను చూసే చూపు మారిపోయేది బిడ్డా...” యశోద ఆమె తల నిమిరింది.

అందరికంటే ముందు తేరుకున్నది పోలమ్మే. ముక్కు చీదుకుని గట్టిగా అంది. “విప్పుకునిపోయి ఏం చేసుకోవాల అన్నా? నా మేకకు నీ కేక వినపడందే కాలు కదలదు! చూసేదానికి మేం లేమా? నువ్వు చెప్పు, మేం చూస్తాం. ఏమే యశోదా, నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పప్పులు మాత్రం తక్కువే తూస్తావు, ఆ మాట తీసుకునేది లే!”

వీధి గొల్లుమంది. ఏడుపులోనే యశోదకూ నవ్వొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుని ఓబులేసు వైపు తిరిగింది. “వైరు కనపడకనే గదా తెగింది? కనపడేట్టు చేస్తే సరి!” లోపలికి వెళ్ళి తన పాత ఎర్రచీర తెచ్చి పీలికలు పీలికలుగా చింపింది. వైరు కొమ్మల్లో దూరిన ప్రతి చోటా ఓబులేసు ఆ పీలికలు కట్టాడు. భార్య ముఖం చూడలేని ఏడుకొండలు మారుమాట లేకుండా దోటి అందుకున్నాడు.

“నాయనా, ఎక్కడ కొట్టాల?”

“కణుపుకు పైన కొట్టు. కింద కొడితే చెట్టుకు దెబ్బ. ఎర్రగుడ్డ కనపడితే చెయ్యి ఆపు.” మానును చేత్తో తడిమి చూస్తూ అంకన్న చెప్పుకుపోతున్నాడు. మంద మొత్తం ఆయన వెనకే కదిలింది, ఎప్పటిలాగే...

సోమవారం పొద్దున దుకాణం వెనక గదిలో నెట్టు బాక్సుకు పచ్చలైటు వెలిగింది. ఆ లైనులో కావ్య మొట్టమొదట వెతికింది తాత కంటి ఆపరేషన్‌కు ఆసుపత్రి. ఆ తర్వాతే కంపెనీ పనికి కూర్చుంది. దుకాణంలోకి తొంగిచూసి, “అమ్మా, నా పని అయ్యేదాకా నెట్టు నా వంతు! ఎవురికీ పాస్‌వర్డు ఇయ్యొద్దు!” అంది.

“నేను గల్లాపెట్టె మీద కూర్చోనుండా. దాటి ఎవురొస్తారో చూస్తా!” అంది యశోద దర్జాగా.

అంతలో పోలమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. “ఇందులో ఏందో పేరు పడుతుండాది. ఏంది కావ్యా ఇది?”

“మన లైను పేరు అవ్వా, నేనే పెట్టినా. ఈ వీధిలో ఏ ఫోన్ తెరిచినా అదే పడతాది. యశోద.”

బస్తా తెరుస్తున్న యశోద చేతులు ఆగిపోయాయి. వైరు కోసిన మనిషని మొన్న వీధంతా తిట్టిన పేరు!

అరుగు మీది నుంచి అంకన్న తల ఎత్తాడు. “నాకు కనపడదు గదా తల్లీ. ఇంకోసారి చదువు.”

కావ్య గుమ్మంలోకి వచ్చి, వీధి చివరిదాకా వినపడేట్టు చదివింది.

“యశోద!”