మువ్వ ఆగితే

పెనుమూడి వంతెనకు కాస్త దిగువన, కృష్ణలో లంగరేసిన పడవే యాకోబు ఇల్లు. ముందు కొసన వంటిల్లు, మధ్యలో తాటాకు కప్పు కింద పడగ్గది, పెరడంటారా, అది సముద్రం దాకా ఉంది. పోటు రోజుకు రెండుసార్లు పిలవని చుట్టంలా వచ్చి, ఇంటిని ఎత్తి చూసి, దింపి పోతుంది.

యాకోబు కథల్లో చేప ఎప్పుడూ పడవకంటే మూరెడు పొడుగు. ఒకసారి ఒక పండుగప్ప ఆయన్ని పడవతో సహా నిజాంపట్నం దాకా ఈడ్చుకుపోయిందట. తిరిగి రావడానికి బస్సు ఛార్జీ కూడా అదే ఇచ్చిందట.

ఆ రోజు పొద్దున మాత్రం ఆయన నోట కథ లేదు. కోడలు క్రిస్టినా గంజి దించి, బట్టలు సంచిలో సర్దుతోంది. కొలకలూరులోని పుట్టింటికి వెళ్లిపోతోంది.

పడవ మీద పెరిగే పిల్లలకు ఈత వచ్చేదాకా నడుముకు తాడు కట్టి, రెండో కొసను కప్పు గుంజకు ముడేస్తారు. తాడుకు ఒక మువ్వ ఉంటుంది. అది మోగుతున్నంతసేపూ తల్లి వెనక్కి తిరగకుండా వంట చేసుకోవచ్చు. నాలుగు రోజుల కిందట, క్రిస్టినా కూతురు నాలుగేళ్ల హెలెన్ మువ్వ ఆగిపోయింది. క్రిస్టినా తిరిగి చూస్తే గుంజకు తాడు లేదు. పక్క పడవ దేవసహాయం దూకి, జుట్టు పట్టి పిల్లను పైకి లాగాడు. రేపల్లె ఆసుపత్రి నుంచి నిన్ననే తెచ్చారు. దగ్గు తగ్గలేదు. ఇంతవరకూ ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ పూట ఒడ్డున అందరి ముందూ యాకోబు కొడుకు రాజారత్నం భార్య క్రిస్టినాను చెంప మీద కొట్టాడు. ముడెయ్యడం కూడా చేతకాదా అని అరిచాడు.

"వెళ్తే వెళ్లు. పిల్ల ఇక్కడే ఉంటది," అన్నాడిప్పుడు వల దులుపుతూ.

"నేను లేకుండా ఎవరి దగ్గరుంటదయ్యా?"

"నాన్న చూసుకుంటాడు. అరవై ఏళ్లుగా నీళ్ల మీదున్నాడు. ఆయనేసిన ముడి ఎప్పుడన్నా జారిందా?"

క్రిస్టినా తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "రెండు మెలికలేసి లాగి చూశానయ్యా. బాగా గుర్తు. అయినా జారింది కదా, నా చేతులే మంచివి కావేమో. సరే, ఉంచు." మామగారి వైపు తిరిగింది. "పూటపూటా మందు పట్టండి మావయ్యా. తాడు మాత్రం మీరే కట్టండి, ఇంకెవరినీ కట్టనివ్వద్దు."

యాకోబు గంజి గిన్నె కింద పెట్టాడు.

"ఆ ముడి అమ్మాయిది కాదురా. నాది."

"ఇప్పుడు కథలొద్దు నాన్నా."

"కథ కాదు. అమ్మాయి నీళ్ల బిందెకి ఒడ్డుకెళ్లినప్పుడు, పిల్లకి స్నానం చేయిద్దామని తాడిప్పా. మళ్లీ నేనే కట్టా."

"మమ్మల్ని కలపాలని చెప్తున్నావు. చేప బస్సు ఛార్జీ ఇచ్చిందన్న మనిషివి, నిన్నెవరు నమ్ముతారు?"

ముసలాయన ఇన్నేళ్లకు ఒక నిజం చెప్పాడు. దానికీ సాక్ష్యం కావాల్సి వచ్చింది. గుంజ దగ్గరకు జరిగి తాడు అందుకున్నాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. మొదటి మెలిక పడింది, రెండోది జారింది. పళ్లతో పట్టి బిగించాడు. చూపుకు ముడి గట్టిగానే ఉంది.

"లాగు," అన్నాడు.

రాజారత్నం చిటికెన వేలితో లాగాడు. తాడు ఊడి నీళ్లలో పడింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"పోయిన వానాకాలం నుంచి. తాడు కట్టలేనోడు పడవలో ఎందుకని దింపేస్తారనుకున్నా. ఒడ్డు మీద నాకు నిద్ర పట్టదురా."

"నన్ను కొట్టినప్పుడు మీరక్కడే ఉన్నారు కదండీ," అంది క్రిస్టినా.

"ఉన్నానమ్మా."

"నోరెత్తలేదు."

ఆయన వంగి, నీళ్లలో పడ్డ తాడును ఎడమచేత్తో పైకి లాగాడు.

"నాలుగు రోజులండీ! ఈ చేతుల్తో పిల్లకి అన్నం పెట్టడానికి కూడా భయపడ్డా!" ఆమె ఏడుపు పక్క పడవల దాకా వినిపించింది.

రాజారత్నం ఆమె సంచి అందుకోబోయాడు. "క్రిస్టినా, నా చెయ్యి పడిపోను..."

"ముట్టుకోకు. ఒడ్డున అందరి ముందూ కొట్టావు. అందరి ముందూ చెప్పు. ఆ తర్వాత ఆలోచిస్తా."

అతను ఆటుకు తగ్గిన మోకాలి లోతు నీళ్లలో దిగి ఒడ్డుకు నడిచాడు. దేవసహాయాన్నీ, వలలు ఆరేసుకుంటున్న వాళ్లనూ పిలిచి చెప్పాడు. సగంలో ఆగాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

క్రిస్టినా తాడు తీసి హెలెన్ నడుముకూ గుంజకూ కట్టింది. రెండుసార్లు లాగి చూసింది. మిగిలిన తాడును కత్తిపీట మీద తెగ్గోసింది.

"చేతులెత్తండి మావయ్యా."

"నాకెందుకమ్మా?"

"ఆ వేళ్లతో పడవంచున కూర్చుంటారు. పడితే దేన్ని పట్టుకుంటారు?"

సంచిలోంచి హెలెన్ పాత కాలిపట్టీ తీసి, ఒక మువ్వ తెంపి ఆయన తాడుకు కట్టింది. ఇంత పెద్ద చేపకు ఇంత సన్న తాడా అనబోయాడు యాకోబు. భుజాలు కదిలేలా ఏడ్చాడు.

హెలెన్ పాక్కుంటూ వచ్చి ఆయన మువ్వను వేలితో కదిపింది.

"తాతా, నీక్కూడా ఈత రాదా?"

"రాదమ్మా," అన్నాడు.

సంచి సర్దింది సర్దినట్టే ఉంది. క్రిస్టినా వెనక్కి తిరిగి పొయ్యి ముందు కూర్చుంది. ఒక మువ్వ గబగబా మోగుతోంది, ఒకటి ఆగి ఆగి మోగుతోంది. అది ఆగినప్పుడల్లా ఆమె తిరిగి చూస్తోంది.