వాగులో బూట్లు

రుసైల్ రౌండబౌట్ దగ్గర కారెక్కిన సంజీవ్ కాళ్లకు తళతళలాడే నల్ల బూట్లు కనిపించగానే రజిత నాలుక దురద పెట్టింది.

తెల్లచొక్కా, దాన్ని ప్యాంటులోకి దోపిన తీరు, కారంతా కమ్ముకున్న అత్తరు వాసన. వెళ్లేది జలపాతానికి. ఈయన తయారైంది చూస్తే అక్కడ రాళ్లన్నీ వరుసగా కూర్చుని ఇంటర్వ్యూ చేస్తాయనుకున్నాడేమో!

రజిత నోరు తెరిచింది. పక్కనే కూర్చున్న అక్క స్వరూప ఆమె తొడ మీద గిల్లింది. రజిత మళ్లీ మూసుకుంది.

మాటిచ్చింది మరి. ఇది ఫ్యామిలీ పిక్నిక్ అని అందరూ అంటున్నారు గాని, పెళ్లిచూపులని అందరికీ తెలుసు. విజిట్ వీసా మీద మస్కట్ వచ్చిన చెల్లెలికి ఇంకో వారమే గడువు. "ఒక్కరోజే. గా పిల్లగాని ముంగట 'ఊ', 'బాగుంది' తప్ప ఇంకో ముక్క రావద్దు" అని అల్ ఖువైర్ ఫ్లాటులో బగారన్నం డబ్బాలో సర్దుతూ అక్క ఒట్టేయించుకుంది.

అక్క భయానికి కారణం లేకపోలేదు. మొదటి సంబంధంలో అబ్బాయి తన జీతం గురించి అరగంట చెప్పాడు. "అంత జీతమొచ్చే మనిషికి చొక్కా గుండీ కుట్టించుకునే తీరిక లేదా?" అని అడిగింది రజిత. రెండోదాంట్లో కాబోయే మామగారు కళ్లు మూసుకుని పాట పాడారు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే "అయిపోయిందా?" అంది. రెండిళ్ల నుంచీ ఒకే కబురు: పిల్ల బంగారం, నోరే ఇత్తడి.

సువైక్‌లో సంజీవ్ మేనమామ భూమయ్య ఖర్జూరాల డబ్బాతో ఎక్కాడు. కారు కొండల వైపు తిరిగింది. నడుపుతున్న కుమార్ బావ ఇక ఆగలేదు.

"హోకైన్ వాటర్‌ఫాల్ అంటే మజాక్ కాదు. నయాగరాకు తమ్ముడనుకోండ్రి!"

రజిత పళ్లు బిగించింది. సరిగ్గా అప్పుడే ముందు అద్దంలో సంజీవ్ పెదవి చివర చిన్నగా వంకరపోవడం కనిపించింది. నవ్వా? ఎగతాళా? ఆమె చూస్తోందని తెలియగానే అతను బుద్ధిమంతుడిలా కిటికీలోంచి మేకల్ని చూడసాగాడు.

ఆ వంకర ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఈ మనిషి నిజంగా బొమ్మా, లేక తనలాగే ఎవరికో ఒట్టేసిన బాపతా? అడగాలంటే నోరు తెరవాలి. తెరిస్తే సంబంధం పోతుంది. తెరవకపోతే? ఇవాళ మూసుకున్న నోరు చూసి చేసుకున్నవాడి దగ్గర జీవితమంతా మూసుకునే ఉండాలిగా!

హోకైన్ చేరారు. ఈ ఏడు వానల్లేవేమో, ఇంటికప్పంత ఎత్తు రాతి మీద నుంచి నీళ్లు సన్నగా జారుతున్నాయి. కింద పచ్చటి మడుగు.

"ఎట్లుంది?" అన్నాడు బావ, కొండను తానే తవ్వించినట్టు.

"బాగుంది బావా." రజిత అక్క వైపు చూస్తూ అబద్ధమాడింది.

"చాలా బాగుందండి," అన్నాడు సంజీవ్. మళ్లీ అదే వంకర.

"మీరిద్దరు జర దగ్గరికి పోయి చూసి రాండ్రి," అంది అక్క. భూమయ్య ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం మడుగు పక్కనున్న పెద్ద బండ ఎక్కుతున్నాడు. కోరుట్లలో ఉన్న సంజీవ్ తల్లి శాంతవ్వ వీడియో కాల్‌లో అమ్మాయిని చూడాలట.

మడుగు అంచున ఇద్దరూ నిలబడ్డారు.

"మీకు జలపాతాలంటే ఇష్టమేనా?"

"ఊ."

"నాక్కూడా."

ఇంతకంటే గోడతో మాట్లాడటం నయమనిపించింది రజితకు. అంతలో సంజీవ్ ఒక పాచిరాయి మీద బూటు పెట్టాడు. సర్రున జారి, నడుము దాకా నీళ్లలో కూలబడ్డాడు. ఎంతో మర్యాదగా చొక్కా సర్దుకుని, "ఏం కాలే. నేనే కూసున్న," అన్నాడు.

ఒట్టు గట్టు తెగింది.

"బూట్లేసుకొని వాగుల దిగుమని ఎవరు చెప్పిన్రు మీకు? లోపట చేపలు ఉద్యోగమిస్తయనా? మళ్ల సెంటొకటి! సువైక్ దాటేదాక నాకు ఊపిరాడలే!"

సంజీవ్ నోరు తెరుచుకుని ఆమెనే చూశాడు. ఆ తర్వాత ముఖమంతా వెలిగింది.

"అబ్బ, మాట్లాడుతరా మీరు! పొద్దటి నుంచి 'ఊ' తప్ప ఏం రాదేమో అని పరేశానైన."

"మీరు మాత్రం?"

"నన్ను గూడ నోరు మూసుకొమ్మన్నరు. పోయిన సంబంధంల పిల్ల నాయిన కొత్తిల్లు చూపిచ్చిండు. సీలింగు చూసి, బర్త్‌డే కేకు లెక్కున్నది, ఎప్పుడు కోస్తరు అన్న."

రజిత పడిపడి నవ్వింది. "నిజం చెప్పుండ్రి. ఇది జలపాతమేనా?"

"మా పొలంల మోటరు పైపు పలిగితే ఇంతకన్న జోరుగ పడ్తది."

"మరి 'చాలా బాగుందండి' అన్నరు?"

"జలపాతాన్ని చూసి అనలే," అన్నాడు నీళ్లలోంచే. రజిత నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఓ రజితా!" బండ మీద నుంచి భూమయ్య కేక. "మా అక్క లైన్ల ఉన్నది! అంత చూసింది, అంత విన్నది!"

స్వరూప నెత్తి కొట్టుకుంది. రజిత బండ ఎక్కింది. ఇప్పుడిప్పుడే దొరికినది అప్పుడే చెయ్యి జారిపోతోంది. ఫోన్ అందుకుంది. తెరనిండా శాంతవ్వ ముఖం.

"నా కొడుకును తిట్టింది నువ్వేనా?"

కాదనొచ్చు. తమాషాకన్నానని బుకాయించొచ్చు. అక్క కళ్లతోనే బతిమాలుతోంది.

"నేనేనమ్మా. బూట్లది తప్పే, కని ఏసుకున్నది ఆయన."

"ఆ బూట్లు కొనుమన్నది నేను."

శాంతవ్వ ముఖం తెరకు ఇంకా దగ్గరగా వచ్చింది.

"నిజం చెప్పు. ఎట్లున్నయ్?"

"మంచిగనే ఉన్నయ్ అమ్మా. వాగుకే పనికిరావు."

శాంతవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు కొంగులో దాగలేదు. "ఓ భూమయ్యా! నాకు పిల్ల నచ్చింది. వీని నోటికి జడిసి చుట్టాలు గుమ్మం తొక్కుతలేరు. ఇద్దరు ఒకళ్లనొకళ్లు అనుకుంటే మా చెవులు సల్లగుంటయ్!"

తిరుగు ప్రయాణంలో సంజీవ్ కాళ్లకు ఏమీ లేవు. కారు నడుపుతూ కుమార్ బావ సలాలా జలపాతాల గొప్పలు మొదలుపెట్టాడు. "నీళ్లుంటయా?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సంజీవ్ వెనక్కి తిరిగి, నీళ్లోడుతున్న బూట్లను పైకెత్తి చూపించాడు.

"ఇవి పెండ్లికి పనికొస్తయంటరా?"

"పెండ్లిపీటల మీద బూట్లు విడిచి కూసుంటరు. గదైనా ఎరుకనా?"

"ఎరుకలే. పక్కన కూసోని మీరే చెప్పాలె."

రజిత దగ్గర జవాబు లేక కాదు. ఆ రోజు మొదటిసారి, ఎవరూ గిల్లకుండానే, నోరు మూసుకుంది.