కళ్ళు మూసుకోకండి!

"టంగ్!"

చెక్క స్కేలు వెళ్ళి అన్నయ్య పెట్టుకున్న మాస్కుకు తగిలింది. ఆ వెంటనే 'టిక్'మని చిన్న చప్పుడు. స్కేలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ చెయ్యి టపాకాయది. అసలు పేరు స్కూలు హాజరు పట్టీలో భద్రంగా ఉంది గానీ, ఎప్పుడు పేలుతుందో తెలియదు కాబట్టి ఇంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మాస్కేమో నాన్నది. నాన్న వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తాడు. ఇనుము అతికేటప్పుడు వచ్చే వెలుగుకు కళ్ళు పాడవకుండా ముఖానికి అది అడ్డు పెట్టుకుంటాడు. దాని మధ్యలో ఒక నల్ల అద్దం ఉంటుంది.

ఇదంతా పొద్దున సండే స్కూల్లో విన్న పాఠం పుణ్యం. మనకు కనిపించని శత్రువు ఒకడున్నాడనీ, వాడితో యుద్ధానికి దేవుడు కవచం ఇస్తాడనీ, ప్రార్థన గొప్ప ఆయుధమనీ టీచర్ చెప్పింది. యుద్ధం అనే మాట చెవిన పడగానే టపాకాయ మనసు కత్తి దూసి బయటికి పరుగెత్తింది. ఆ తర్వాత టీచర్ ఏం చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి. మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే, "అన్నయ్యా, మనకో శిరస్త్రాణం కావాలి" అంటూ తలుపు వెనక ఉన్న మాస్కును దింపించింది కూడా తనే.

అన్నయ్య మాస్కు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. నల్ల అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకు సన్నటి పగులు.

"చూడు, ఏం చేశావో!"

"నువ్వే కదా పెట్టుకున్నావు!"

"కొట్టిందెవరు?"

"పక్కకి జరగనిదెవరు?"

తిలాపాపం తలా పిడికెడు అనుకుంటే గొడవే లేదు. ఇద్దరిలో ఒక్కరూ పిడికిలి చాపలేదు. చివరికి అన్నయ్యే గొంతు తగ్గించాడు. "సాయంత్రం ప్రార్థన అయ్యాక ఇద్దరం కలిసి నాన్నకు చెప్దాం" అన్నాడు.

ఆ 'ఇద్దరం' అన్న మాట టపాకాయకు మింగుడుపడలేదు. సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది.

వాళ్ళింట్లో ప్రార్థనకు ఒక పద్ధతుంది. చాప మీద అందరూ కూర్చుంటారు. చిన్నవాళ్ళు ముందు ప్రార్థిస్తారు, పెద్దవాళ్ళు తర్వాత. ఒకరు ప్రార్థిస్తుంటే, ఆమేన్ అనేదాకా ఇంకొకరు నోరు విప్పకూడదు. అందరూ కళ్ళు మూసుకోగానే టపాకాయకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ప్రభువా, మా అన్నయ్యను క్షమించు. వాడు నాన్న మాస్కుతో ఆడి అద్దం పగలగొట్టాడు. వాడిలో ఉన్న శత్రువును ఓడించు తండ్రీ. వాణ్ణి మార్చు. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. తర్వాత అన్నయ్య వంతు. వాడు "ఆమేన్" అని మాత్రం అన్నాడు.

ప్రార్థన అయ్యాక నాన్న మాస్కును చేతిలోకి తీసుకున్నాడు.

"రేపు ఇది చూసుకోకుండా మంట ముందు కూర్చుంటే నా కళ్ళేం కావాలిరా?" అన్నాడు. గొంతు పెంచలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. "రేపు మ్యాచ్ మానెయ్. స్కూలు నుంచి నేరుగా షెడ్డుకు రా. ఇనపపొడి ఊడుద్దువుగాని."

ఫుట్‌బాల్ జట్టులోకి అన్నయ్యను గోల్‌కీపర్‌గా తీసుకోవడం ఇదే మొదటిసారి. వాడు చెల్లెలి వైపు ఒక్కసారి చూశాడు. "సరే నాన్నా" అన్నాడు. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు.

రోజూ లైటు తీశాక పక్క మంచం నుంచి అన్నయ్య చెయ్యి చాపేవాడు. చీకటంటే టపాకాయకు భయం. ఆ చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఓ చిన్న ప్రార్థన చేసుకునేవారు. ఆ రోజు వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టపాకాయ ఒక్కతే కళ్ళు మూసుకుని "ప్రభువా..." అంది. రెండో మాట రాలేదు. అటు దొర్లింది, ఇటు దొర్లింది. గెలిచినట్టే ఉంది, మరి ఇంత బాధేమిటి?

మర్నాడు స్కూల్లో "కిటికీ పగలగొట్టిందెవరు?" అని టీచర్ వేరే పిల్లల్ని అడిగితే, టపాకాయ భుజాలు తడుముకుంది. ఇంటికొచ్చే దారిలో మైదానం కనిపించింది. గోల్ దగ్గర వేరే అబ్బాయి నిలబడ్డాడు. ఆమె తల దించుకుని గబగబా నడిచింది.

ఇంట్లో అమ్మ చొక్కాకు గుండీ కుడుతోంది.

"అమ్మా, శత్రువు కనిపించడు కదా. మరి ఎక్కడున్నాడో ఎలా తెలుస్తుంది?"

"మన యుద్ధం మనుషులతో కాదని మీ టీచర్ చెప్పలేదూ?"

"చెప్పే ఉంటుంది. నేను వినలేదు."

అమ్మ నవ్వు ఆపుకుంది. "నిన్న ప్రార్థనలో ఎవరితో మాట్లాడావే?"

"దేవుడితో."

"అవునా? నాకు నాన్నతో మాట్లాడినట్టు వినిపించింది." అమ్మ దారం కొరికి, ఇంకో గుండీ అందుకుంది.

టపాకాయ దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయింది.

సాయంత్రం నాన్న, అన్నయ్య కలిసి వచ్చారు. మాస్కుకు కొత్త అద్దం ఉంది. ఎంత కడిగినా అన్నయ్య అరచేతుల నలుపు పోలేదు. అందరూ చాప మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు.

ప్రార్థనలోనే చెప్పేస్తే సరి అనుకుంది టపాకాయ. ఆమేన్ దాకా ఎవరూ తిట్టరు. ఆ తర్వాత కూడా, ప్రార్థనలో ఒప్పుకున్న పిల్లను ఎవరు తిడతారు? ఆలోచన ఎంత తియ్యగా ఉందో! నిన్నటిదీ ఇంత తియ్యగానే ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"కళ్ళు మూసుకోకండి! నేనింకా మొదలుపెట్టలేదు."

ముగ్గురూ కళ్ళు తెరిచారు.

"స్కేలుతో కొట్టింది నేనే. మాస్కు దింపమన్నదీ నేనే. నిన్న దేవుడికి కూడా సగమే చెప్పాను."

"మరి వాడొక్కడే మాట పడుతుంటే చూస్తూ కూర్చున్నావా?" అన్నాడు నాన్న. ఇంకా చాలా అన్నాడు. టపాకాయ ఒక్క మాటకూ అడ్డం చెప్పకుండా అంతా వింది.

"రేపు షెడ్డు నేను ఊడుస్తాను" అంది చివరికి.

"మ్యాచ్ అయిపోయింది కదా" అన్నాడు అన్నయ్య.

టపాకాయ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయింది అన్నయ్యా" అంది. అప్పుడు కళ్ళు మూసుకుని, దేవుడికి మాత్రమే వినపడేంత చిన్నగా ప్రార్థించింది.

తర్వాత అన్నయ్య వంతు. వాడు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, రేపు మా చెల్లి షెడ్డు ఊడుస్తుంది. నాన్న చీపురు విరక్కుండా కాపాడు తండ్రీ."

టపాకాయ నోటిదాకా మాట వచ్చింది. పెదవులు బిగపట్టి ఆపుకుంది. వాడి ప్రార్థన పూర్తయ్యాక, అందరికంటే గట్టిగా తనే "ఆమేన్!" అంది.